నాంచారి గుర్రపు వదిన

కాళ్ళు కడుక్కున్నవాళ్ళే మంచం ఎక్కండి. పద్దూ, ఆ దుప్పటంతా నీ వైపే లాక్కోకు, వాడికీ కాస్త వదులు. ఊ కొట్టడం మానారంటే మాత్రం కథ అక్కడే ఆపేసి గోడవైపు తిరిగి పడుకుంటా, తర్వాత నన్ననుకుని లాభం లేదు.

అనగనగనగా, మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పేనాటికే పాతబడిపోయిన కాలంలో, మెరకలపూడి అని ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో గాజులమ్ముకునే వాళ్ళిల్లు ఒకటి. ఆ ఇంట్లో సూరమ్మ అని ఒక అత్త, అంకన్న అని ఆవిడ కొడుకు, నాంచారి అని వాడి పెళ్ళాం. అత్త నోరు పెద్దది, కొడుకు బుర్ర చిన్నది, కోడలి చెయ్యి మెత్తనిది. అంతే, ముగ్గురే.

సూరమ్మ ముప్ఫయ్యేళ్ళు గాజుల మలారం భుజానేసుకుని ఊరూరూ తిరిగింది. మలారం అంటే గాజులన్నీ తాళ్ళకి గుచ్చి కట్టిన మోపు. తిరిగి తిరిగి మోకాళ్ళు పట్టేస్తే, ఆ మలారం కోడలి భుజానికెత్తింది. మోకాళ్ళ నొప్పి సంగతి నన్నడగండి, తెల్లవార్లూ చెప్తా. సరే, ఇప్పుడు కాదులే.

గాజులు తొడగడమంటే తేలికనుకుంటున్నారేమో. అవి మట్టిగాజులు. ఇటు నొక్కితే ఇటు చిట్లుతాయి, అటు నొక్కితే అటు చిట్లుతాయి. చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, మెటికలు మెల్లిగా ఒత్తుకుంటూ ఎక్కించాలి. ఆ చేతిగల మనిషి భయపడి చెయ్యి బిగించిందనుకోండి, గాజు ఎక్కడుందో అక్కడే ఆపెయ్యాలి. ఆపి కబుర్లలో పెట్టాలి. ఏం వదినా, మీ గేదె ఈనిందా? దూడ పెయ్యా, దున్నా? ఆవిడ దూడ గురించి చెప్తూ చెప్తూ చెయ్యి సంగతి మర్చిపోతుంది. చెయ్యి వదులవుతుంది. అప్పుడు గాజు జరపాలి. సూరమ్మ కోడలికి మొదటిరోజే నేర్పిన పాట ఒకటుంది:

బిగిస్తే ఆగు, వదిలితే సాగు,
లాగావంటే గాజూ పోయె, చెయ్యీ పోయె.

నాంచారికి ఈ విద్య ఎంత బాగా పట్టుబడిందంటే, చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ అదే గాజులమ్మ, ఆడవాళ్ళందరూ దానికి వదినలే. పదేళ్ళ పిల్లనయినా వదినా అనే పిలిచేదిట. ఊ కొడుతున్నారా?

ఒకనాడు రాణిగారికి సూడిదలు, అదే సీమంతం, పెడుతున్నారు, గాజులు తొడగాలి రమ్మని కోటనుంచి కబురొచ్చింది. వెళ్ళింది. అందరికీ తొడిగింది. తాంబూలం కొంగున కట్టుకుని వస్తూ ఉంటే, గుర్రాలశాల ముందు ఒకటే గోల.

ఏమిటా అని చూస్తే ఎర్రటి ఆడగుర్రం. మెడకో మోకు, నడుముకో మోకు, కాలికో మోకు, అన్నీ లావుపాటి తాళ్ళే. మోకుకి ఇద్దరేసి బంట్లు. ఇటువాళ్ళు ఇటు లాగుతున్నారు, అటువాళ్ళు అటు లాగుతున్నారు. మధ్యలో బసవోజు అని కమ్మరి, ఒక చేత్తో లాడం, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని సందు కోసం చూస్తున్నాడు. లాడం తెలుసుగా, గుర్రం గిట్టకి కొట్టే ఇనపముక్క. కోటలో నేలంతా రాయి. లాడాలు లేకపోతే గిట్టలు అరిగి చీలిపోతాయి. ఆ గుర్రమేమో కాలు ఎత్తదు. ఎత్తిందంటే తన్నడానికే ఎత్తుతుంది.

తన్నింది కూడాను. బసవోజు గాల్లో లేచి, పక్కనున్న గడ్డివాములో తలకిందులుగా దిగబడ్డాడు. పాదాలు రెండే పైకి కనిపిస్తున్నాయిట.

శాలకి పెద్ద దండపాణి. మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టే రకం. వాడికి ఒళ్ళు మండిపోయింది. దీని పీడ రేపటితో వదిలిస్తా, పులిబోనులోకి తోలించేస్తానన్నాడు. రాజుగారికి ఒక పెంపుడు పులి ఉండేదిలెండి. శాలలో ఏ గుర్రం పనికిరాకపోయినా దానికే వెయ్యడం. ఆ పులి వేట మర్చిపోయి చాలాకాలమయింది, కూచుని తిని బానపొట్ట వేసుకుని ఉండేదిట.

నాంచారి ఆ గుర్రం ముందుకాలి వైపు చూసింది. కుడికాలు నేలకి సరిగ్గా ఆనించకుండా వణుకుతోంది. గిట్ట పక్కన పాత గాయం మచ్చ. అదేమిటని ఒక బంటునడిగితే, ఏడాది కిందట తొందరలో కొట్టిన మేకు పచ్చిమాంసంలో దిగిందనీ, అప్పటినుంచీ ఎవరినీ కాలు ముట్టుకోనివ్వదనీ చెప్పాడు.

నాంచారికి జాలేసింది. జాలికంటే ముందు కోపమొచ్చింది. "అట్లా లాగితే కాలెవరిస్తారయ్యా?" అని గట్టిగా అనేసింది.

పైన మేడమీద రాజుగారు జంతికలు తింటున్నాడు. కరకర ఆగిపోయింది. ఎవరది అన్నాడు. దండపాణి మీసం దువ్వుకుంటూ, ఎవరో గాజులది మారాజా, గుర్రాల సంగతి మనకి చెప్తోంది అన్నాడు. నాంచారి మాట వెనక్కి తీసుకోలేదు. గుర్రం సంగతి నాకు తెలీదు మారాజా, చెయ్యి సంగతి తెలుసు, చెయ్యయినా కాలయినా భయపడితే బిగిస్తుంది, బిగించినప్పుడు లాగకూడదు, అంది.

రాజుగారికి తమాషాగా ఉంది. అయితే ఆ గుర్రాన్ని పట్టుకుపో అన్నాడు. ఒక మండలం, అంటే నలభై రోజులు గడువు. నలభయ్యోనాడు ఇక్కడికే తీసుకురా. ఒక్క మోకు లేకుండా, నాలుగు కాళ్ళూ తనంతట తనే ఇచ్చి లాడాలు కొట్టించుకుంటే గుర్రం నీది. మూడు కాళ్ళిచ్చి నాలుగోది ఇవ్వకపోయినా పులిది. ఆ మాట అని, మళ్ళీ జంతిక కొరికాడు.

కోటనుంచి మెరకలపూడి కూతవేటు దూరం. వీళ్ళిద్దరికీ పూట పట్టింది. నాంచారి మోకులన్నీ విప్పించి, మెడకొక పగ్గం మాత్రం ఉంచుకుంది. గుర్రం ఆగితే తనూ ఆగింది. గుర్రం నడిస్తే తనూ నడిచింది. రా వదినా, ఎండగా ఉంది కదూ వదినా అని దారంతా కబుర్లే. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, ఇదెక్కడి పిచ్చిదిరా అన్నట్టు చూసిందిట.

ఇంటి ముందు సూరమ్మ నడుమ్మీద చేతులేసుకుని నిలబడి ఉంది. రాణిగారు పట్టుచీర పెడుతుందనుకుంటే, ఏం తెచ్చావే అంది.

"గుర్రాన్ని తెచ్చానత్తా. లోపలికి రా వదినా, మన ఇల్లే."

సూరమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "ఏమన్నావూ? వదినా? నీకు వదినయితే మావాడికి అక్క కదే! మావాడికి అక్కయితే నాకు కూతురు కదే! అంటే ఈ గుర్రాన్ని నేను కన్నానా?" అని వీధంతా వినపడేలా అడిగింది. వీధంతా విన్నది. ఒకావిడయితే, పోలికలు ఉన్నాయిలే సూరమ్మత్తా, ఆ పళ్ళు చూడు, అని కూడా అందిట.

మరి అంకన్న ఏడీ అంటారా? అక్క వచ్చిందనగానే తమ్ముడు వెళ్ళి ధాన్యం గాదెలో దూరాడు. అన్నానికి పిలిస్తే చెయ్యి ఒక్కటే బయటపెట్టాడు.

మొదటిరోజు ఏమయిందో చెప్తా వినండి. పెరట్లో కట్టేస్తే, గుర్రం తన్నింది. గుర్రం తంతే దడి ఊగింది. దడి ఊగితే కుండ దొర్లింది. కుండ దొర్లితే కుడితి ఒలికింది. కుడితి ఒలికితే సూరమ్మ జారింది. సూరమ్మ జారితే రోలు తగిలింది. రోలు తగిలితే నోరు లేచింది. నోరు లేస్తే ఊరు లేచింది. నవ్వకండర్రా, పాపం ఆవిడకి నడుం పట్టేసి మూడురోజులు లేవలేదు.

నాంచారి మాత్రం తన పని తను చేసుకుంది. రోజూ పొద్దున్నే గుర్రానికి కాస్త దూరంలో పీట వేసుకుని, దానికి వీపు పెట్టి కూచుని, గాజులు ఏరి తాళ్ళకి గుచ్చేది. గాజులు గల్లుమంటే గుర్రం ఎగిరిపడేది. నాంచారి ఆగేది. గుర్రం సర్దుకుంటే మళ్ళీ గుచ్చేది. ఏ ఊళ్ళో ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు అలిగింది, ఎవరి అల్లుడు చూరెక్కి దిగనన్నాడు, అన్నీ వదినకి చెప్పేది. పదోరోజుకి గాజులు గల్లుమన్నా గుర్రం చెవి కూడా ఆడించడం మానేసింది. పన్నెండోరోజున నాంచారి చెప్పడం ఆపితే, ఊఁ తర్వాతేమయింది అన్నట్టు భుజం మీద మూతి పెట్టి నెట్టిందిట. మీకంటే అదే నయం, ఊ కొట్టింది.

ఊరివాళ్ళు ఊరుకుంటారా? సలహాలు ఎవరికి చవకో వాళ్ళందరూ అంకన్నని పట్టుకున్నారు. నాలుగు తగిలించు, దారికొస్తుందన్నాడొకడు. అంకన్న కర్ర తీసుకెళ్ళి గుర్రం మొహం చూసి, కర్ర అక్కడే పెట్టేసి వచ్చాడు. పస్తు పెట్టమన్నాడొకడు. అంకన్న మర్చిపోయి తనే పస్తున్నాడు. ఎండుమిరపకాయల పొగ పెట్టమన్నాడు ఇంకొకడు. పెట్టాడు. గాలి ఇటు తిరిగింది. గుర్రం ఒక్కసారి తుమ్మింది, సూరమ్మ దీపాలు పెట్టేదాకా తుమ్మింది. దీపం పెట్టి, దాని మీద కూడా తుమ్మి ఆర్పేసింది.

నాంచారి మొదట మెడమీద చెయ్యి వేసింది. గుర్రం బిగించింది, తను ఆగింది. వదిలింది, సాగింది. మెడనుంచి భుజానికి రెండురోజులు. భుజంనుంచి మోచిప్పకి ఆరు రోజులు. బిగిస్తే ఆగు, వదిలితే సాగు. చెయ్యి వెనక్కి తియ్యదు, ముందుకి తొయ్యదు. ముప్ఫయ్యోరోజుకి మూడు కాళ్ళూ గిట్టదాకా తడిమించుకుంటోంది వదిన. ఆ కుడి ముందుకాలొక్కటే, మోకాలు దిగితే వణుకు. అయినా ఇంకా పదిరోజులుందిగా అని నాంచారి ధైర్యంగానే ఉంది.

సూరమ్మ పైకి సణుగుతూనే ఉండేది. కానీ రోజూ ఒక సోలెడు ఉలవలు ఎక్కువ నానబెట్టేది. ఇవెందుకత్తా అంటే, నా మోకాళ్ళకి మంచిదని, అనేది. ఆ ఉడకేసిన గుగ్గిళ్ళు పెరట్లోకెళ్ళి ఎవరి మోకాళ్ళకి పెట్టేదో ఆవిడకే తెలియాలి.

ఇంతలో మన అంకన్నకి బుద్ధి పుట్టింది. పుట్టకపోయినా బాగుండును. పెళ్ళాం ఇంత కష్టపడుతోంది, ఆ ఒక్క కాలూ నేనెత్తించేస్తే సంతోషిస్తుంది కదా అనుకున్నాడు. వాడి మనసులో కల్మషం లేదు, బుర్రే లేదు. ముప్ఫయ్యొకటోనాడు నాంచారి గాజులు అమ్మడానికి పక్కూరు వెళ్ళినప్పుడు, బావి చేదతాడు తెచ్చి, గుర్రం కునుకు తీస్తుంటే ఆ కుడికాలికి ఉచ్చు బిగించి లాగాడు.

అంతే! గుర్రం ఇంతెత్తు లేచింది. దడి పోయింది. పాక గుంజ పోయింది. తాళ్ళకి గుచ్చి వేలాడగట్టిన గాజులన్నీ పిండయిపోయాయి. అంకన్న బావిగట్టు చుట్టూ పరిగెత్తాడు, ముందు అంకన్న, వెనక చేదతాడు, దాని వెనక గుర్రం. చివరికి ఎలాగో తాడు ఊడి, గుర్రం పెరటి మూలకెళ్ళి గోడకి ఒళ్ళంతా ఆనించి నిలబడింది.

నాంచారి వచ్చి చూసింది. వదినా అని పిలిచింది. గుర్రం పళ్ళు బయటపెట్టింది. ఒక్కడుగు వేస్తే కాలెత్తింది, తన్నడానికి. ముప్ఫైరోజుల కష్టమూ ఒక్క పూటలో నేలపాలయింది.

నాంచారి ఆ గాజుపెంకుల మధ్య కూలబడి ఏడ్చింది. పోయిన గాజుల కోసం కాదు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. తొమ్మిది రోజులయ్యాక ఆ కుండపొట్ట పులి దీన్ని తినేస్తుంది. నన్ను నమ్మి నా వెనకాల నడిచొచ్చిందే, నేనే దీన్ని చంపుకుంటున్నానే అని వెక్కి వెక్కి ఏడ్చింది. అంకన్నేమో గాదెలోంచి, తప్పయిపోయిందే, తప్పయిపోయిందే, అని ఏడ్చాడు. పద్దూ, నువ్వెందుకే ఏడుస్తావ్? ఇంకా కథ ఉంది, ముక్కు తుడుచుకో.

అప్పుడు సూరమ్మ వచ్చింది. తిడుతుందేమో అనుకుంది నాంచారి. ఆవిడ పెంకులు కాలితో పక్కకి నెట్టి, మోకాళ్ళు పట్టుకుని అబ్బా అంటూ కోడలి పక్కన కూచుంది.

"నేను మలారం ఎత్తిన కొత్తల్లో ఒక పిల్ల ఉండేదే," అంది. ఎవడో తొందరమనిషి గాజు లాగి ఎక్కిస్తే ఆ పిల్ల చెయ్యి తెగిందిట. ఆ తర్వాత మూడేళ్ళు ఎవరికీ చెయ్యి ఇవ్వలేదు. సూరమ్మ వెళ్ళి చెయ్యి అడగలేదు. ఆ పిల్లకే నాలుగు గాజులిచ్చి, నాకు తొడగవే అంది. తన చెయ్యి దానికిచ్చింది. ఆ పిల్ల మూడు గాజులు విరగ్గొట్టింది, సూరమ్మ చెయ్యి గీరింది. సూరమ్మ అమ్మా అనలేదు. నాలుగో గాజు ఎక్కింది. అప్పుడా పిల్ల నవ్వి, తన చెయ్యి తెచ్చి సూరమ్మ ఒళ్ళో పెట్టింది.

"దెబ్బతిన్నవాళ్ళని చెయ్యి ఇవ్వమని అడక్కూడదే. ముందు మనం ఇవ్వాలి."

గుర్రం మనకి గాజులెలా తొడుగుతుందత్తా అంది నాంచారి. తొడగక్కర్లేదు, కాలివ్వడమెలాగో చూస్తే చాలు, చూపించడానికి తమ్ముడున్నాడుగా, వాడేగా తప్పు చేసింది, అని గాదె వైపు తిరిగి, ఒరేయ్ దిగు, అంది సూరమ్మ.

మర్నాటినుంచీ చూడాలి ఆ పెరటి సంబరం! గుర్రానికి ఎదురుగా, దూరంగా, అంకన్న మిగిలిన గుంజ పట్టుకుని నిలబడి, కాలు వెనక్కి మడిచి పైకి పెట్టాలి. సూరమ్మ పీటమీద కూచుని, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, పప్పుగుత్తితో మడమ మీద టకటకా కొట్టాలి. ఒక కాలయ్యాక ఇంకో కాలు. కాలియ్యి అనడం, టక్ టక్ టక్ కొట్టడం, బెల్లంముక్క నోట్లో పెట్టడం. అంకన్నకి చక్కిలిగింతలు. కిచకిచ నవ్వడం, తల్లి పప్పుగుత్తితో నెత్తిమీద ఒకటివ్వడం. ఊరు ఊరంతా గోడమీంచి చూసింది. సూరమ్మత్త కొడుక్కి లాడాలు కొట్టిస్తోందిట, రేపో మాపో జీను వేస్తుందిట అని చాటుకున్నారు.

నాంచారి ఎప్పట్లాగే తన పీట దూరంగా వేసుకుని, మిగిలిన గాజులు గుచ్చుకుంటూ కూచుంది. గుర్రం మూలనుంచి చూసింది. మొదటిరోజు తల ఎత్తింది. రెండోరోజు చెవులు ముందుకి పెట్టింది. మూడోరోజు నాలుగడుగులు వేసి వచ్చి అంకన్న మడమ వాసన చూసింది. అంకన్న గుండె ఆగినంత పనయింది గానీ, కదిలితే అమ్మ కొడుతుంది, కదలకపోతే అక్క కరుస్తుంది, ఏం చేస్తాడు? రామరామా అనుకుంటూ నిలబడ్డాడు. అక్క కరవలేదు. నాలుక చాచి మడమంతా నాకింది.

ఆరోనాడు, అంటే ముప్ఫయ్యేడోరోజున, సూరమ్మ తల వంచుకుని, గోడమీద కూచున్నవాళ్ళని తిట్టుకుంటూ పప్పుగుత్తి ఆడిస్తోంది. మీకు పనీపాటా లేదా, మీ పొయ్యిల్లో పిల్లులు లేవలేదా అని ధాటీగా సాగుతోంది. అంకన్న కాలు దించాడు. ఊఁ, ఇంకో కాలియ్యి, అంది ఆవిడ తల ఎత్తకుండా. ధభీమని బరువుగా ఒళ్ళో పడింది. ఏమిట్రా ఇంత బరువు, తిని తిని బలిసావు, అంటూ టక్ టక్ టక్ కొట్టింది. టక్ టక్ కొట్టి బెల్లంముక్క అందించింది. తడితడిగా, వెంట్రుకలతో ఏదో మూతి అరచేతికి తగిలింది. గోడమీద ఒక్కరూ నోరు మెదపటంలేదు. సూరమ్మ తలెత్తి చూస్తే ఎదురుగా గుర్రం. ఒళ్ళో దాని కుడి ముందుకాలు.

అంత నోరున్న మనిషికీ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పప్పుగుత్తి వదలకుండానే, ఇంకో మూడుసార్లు కొట్టింది, మెల్లిగా, చంటిపిల్లని జోకొట్టినట్టు.

ఇక నలభయ్యోరోజు. కోట ముంగిలంతా జనం. మేడమీద రాజుగారు, పక్కన జంతికల పళ్ళెం. కింద దండపాణి. ఎందుకయినా మంచిదని పదిమంది బంట్లనీ, మోకులనీ సిద్ధంగా పెట్టుకున్నాడు. మోకులు చూడగానే గుర్రం ఒళ్ళు బిగించింది. నాంచారి ఆగిపోయింది. మారాజా, ఆ మోకులు నా కంటికి కనపడకుండా పంపించండి, లేకపోతే నేనే లోపలికి రాను, అంది. రాజుగారు చెయ్యి ఊపాడు. మోకులు వెళ్ళాయి. గుర్రం వదిలింది, సాగింది.

బసవోజు వచ్చాడు. ఎడం వెనక కాలు, ఇచ్చింది. లాడం పడింది. కుడి వెనక కాలు, ఇచ్చింది. ఎడం ముందుకాలు, ఇచ్చింది. మిగిలింది ఒక్కటి, ఆ గాయం కాలు. బసవోజు చెయ్యి చాచాడు. గుర్రం ఎత్తలేదు. మళ్ళీ చాచాడు. గుర్రం వెనక్కి ఒక అడుగు వేసింది, చెవులు వాల్చేసింది.

మూడు కాళ్ళు పులికి సరిపోవా అని దండపాణి నవ్వాడు. రాజుగారు కూడా తల దించుకున్నాడు. మాట మాటే మరి.

నాంచారి వదిన మొహం చూసింది. ఇంట్లో అత్తకి ఇచ్చిన కాలు ఇక్కడెందుకివ్వదు? అప్పుడు కనపడింది. వణుకుతున్నది గుర్రం కాలు కాదు, బసవోజు చెయ్యి. గడ్డివాములో దిగబడ్డ మనిషి కదా, పాపం. ఏడాది కిందట ఆ కాలికి మేకు తప్పుగా దించింది కూడా అతనే. ఈసారి మళ్ళీ తప్పితే అన్న భయం, తన్నితే అన్న భయం, రెండూ కలిసి అతని చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. భయపడే చేతికి భయపడే కాలు ఎవరిస్తారు?

నాంచారి గుర్రాన్ని వదిలేసింది. బసవోజుని రాతిమెట్టు మీద కూచోమంది. తన మలారం విప్పి, అన్నిట్లోకీ పెద్ద గాజు, ఆకుపచ్చది, తీసింది. చెయ్యి ఇటియ్యి అన్నా, అంది. అతను నివ్వెరపోయాడు. జనం గొల్లున నవ్వారు. ఒరేయ్, మగాడివై ఉండి గాజులు తొడిగించుకుంటావట్రా అని దండపాణి పొట్ట పట్టుకున్నాడు. బసవోజు మొహం కందగడ్డయింది. కానీ ఒకసారి గుర్రం వైపు చూసి, ఏమనుకున్నాడో, సుత్తి పట్టే ఆ మోటుచెయ్యి తీసుకొచ్చి నాంచారి చేతిలో పెట్టాడు.

గాజు మెటికల దగ్గర ఆగింది. చెయ్యి బిగుసుకుని ఉంది. నాంచారి లాగలేదు. మీ ఇంట్లో మేక ఈనిందిటగా అన్నా, అంది. అవునమ్మా, రెండు పిల్లలు, అన్నాడు. ఏం రంగు? ఒకటి నలుపు, ఒకటి బొల్లి. పాలు తాగుతున్నాయా? ఎక్కడమ్మా, బొల్లిదాన్ని నల్లది నెట్టేస్తోంది, నేనే దగ్గర కూచుని తాగిస్తున్నా. ఆ చెప్పడంలో బసవోజు మొహం తేటపడింది, భుజాలు దిగాయి, వేళ్ళు మెత్తబడ్డాయి. గాజు జారి మణికట్టు మీద కూచుంది.

"ఇప్పుడు నీ చెయ్యి బాగుందన్నా. ఇదే చెయ్యి మా వదినకియ్యి. లాగకు. ఊరికే చాచి ఉంచు."

బసవోజు వంగి, అరచెయ్యి పైకి పెట్టి చాచాడు. చాచి అలాగే ఉన్నాడు. చెమట ముక్కు చివరికొచ్చి వేలాడింది, తుడుచుకోలేదు. తప్పు నాదేనే తల్లీ, అని గుర్రానికి ఒక్కదానికే వినపడేలా అన్నాడు. గుర్రం వాసన చూసింది. గాజు వాసన చూసింది. వేళ్ళ వాసన చూసింది. పెద్దగా ఊపిరి వదిలింది. వదిలి, ఆ కుడి ముందుకాలు ఎత్తి, అతని చేతిలో పెట్టింది.

టక్. ఒక మేకు. టక్. ఇంకో మేకు. జనంలో దగ్గు కూడా వినపడలేదు. ఎక్కడో వెనకనుంచి, మెల్లిగారా, దాని కాలు జాగర్త, అని సూరమ్మ గొంతొక్కటి వినిపించిందిట. చివరి మేకు పడింది. కాలు దించింది. గాజు మీద గీత కూడా పడలేదు.

అప్పుడు లేచాయి చూడండి కేకలు! అంకన్న ఎగిరి గంతేసి, మా అక్క, మా అక్క అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. రాజుగారు మేడ దిగొచ్చాడు, చేతిలో జంతిక కూడా మర్చిపోయాడు. గుర్రం నీదే, అది ఎలాగూ నీదే, అది కాక ఏం కావాలో కోరుకో అన్నాడు. బంగారు గాజులా, పట్టుచీరలా, పొలమా?

నాంచారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ శాలలో ఉన్న మోకులన్నీ ఇప్పించండి మారాజా. ఒక్కటి కూడా మిగలకూడదు," అంది.

రాజుగారికి ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. శాల లోపలికి చూశాడు. తలుపు సందుల్లోంచి తక్కిన గుర్రాలన్నీ ఇటే చూస్తున్నాయి. ఇచ్చేయండి, అన్నాడు. మోకులు లేకపోతే ఈ గుర్రాలన్నిటికీ లాడాలెవరు కొడతారు మారాజా అని దండపాణి లబలబలాడాడు. బసవోజు ముందుకొచ్చాడు. నేను కొడతా, నాకు కాస్త గడువు ఇవ్వండి చాలు, అన్నాడు. చేతికున్న గాజు తియ్యలేదు. దండపాణి నవ్వబోయి, చుట్టూ చూసి, ఎవరూ నవ్వకపోయేసరికి మూతి ముడుచుకున్నాడు.

ఆ మోకులు విప్పి నులక పేనించి, సూరమ్మ తన మోకాళ్ళకి సుఖంగా ఉండేలా ఒక నులకమంచం అల్లించుకుంది. నాంచారి గాజుల బుట్టలు గుర్రం వీపుకెత్తి ఊరూరూ తిరిగింది, ఒక్క గాజూ చిట్లేది కాదుట. పులి ఏం తిందంటావా? ఏదో తిందిలే, నీకెందుకు దాని భోజనం, రాజుగారు అడవిలోకి తోలించేస్తే బుద్ధిగా వేటాడుకుని సన్నబడింది.

చూశారా మరి, భయపడ్డవాళ్ళని లాగితే వచ్చేది తన్నే. కూచుని, ఆగి, మన చెయ్యి ముందు చాస్తే, ఎంత గుర్రమయినా కాలు తెచ్చి చేతిలో పెడుతుంది. మనుషులూ అంతే, కాస్త ఎక్కువ రోజులు పడతాయి.

కథేమో కంచి దారి పట్టింది, ఇక మనం ముసుగు తన్నుదాం. దీపం తగ్గించు పద్దూ.